తోడు ప్రమాణము

నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రిగా నుండిన తిక్కనకు దశకుమార చరిత్రము నంకితమిచ్చిన కేతనను సోదరీమణు లెఱుగుదురు. 13వ శతాబ్దమున నాయనయే విజ్ఞానేశ్వరుని మితాక్షరను పద్యములలో తెనిగించెను. భారతము చదువు నిల్లాండ్రు దానిని చదువుట యరుదు. అయినను నందలి వ్యవహారకాండము మన యిండ్ల గొడవలకు దూరమైనది కాదు.

నింద పడినప్పుడు చూచిన సాక్షి లేకున్న గతి యేమి? పూర్వము ఇంగ్లండు దేశమున, నిందితుడు తాను నిర్దోషినని ఒట్టు పెట్టుకొని, తనకు తోడుగా మఱికొందఱిని, పలుచోట్ల 12 మందిని, తెచ్చుకొనవలసి యుండెను. వారు నేరము సంగతి చూచినవారు కారు. ఈ మనిషి యొట్టు నమ్మదగినదని మాత్రమే వారు ప్రమాణము చేయుదురు. కావలసినంతమంది నిలిచిరా, నింద తొలగును. బలగము లేనివాని పాట్లు చెప్ప నక్కఱలేదు. అప్పుల దావాలలో నీ పద్ధతి పేరునకైనను నిలిచియుండి, 1833లో చట్టముచే రద్దయ్యెను. వేల్సు దేశపు పాత ధర్మములలో నింకొక వింత కలదు. ఇల్లాలిపై అపవాదు వచ్చినచో నామెకు తోడు ప్రమాణము చేయవలసినవారు స్త్రీలే. మొదట ఏడుగురు, మరల వచ్చిన 14 మంది, మూడవసారి 50 మంది!

మన శాస్త్ర మిట్టి తోడును సాక్ష్యముగా నొప్పదు. కన్నులార చూచినవాడో, చెవులార విన్నవాడో సాక్షి కావలెను. యాజ్ఞవల్క్యుడు సాక్షులు ముగ్గురికి తక్కువ కాకూడదనెను. స్త్రీలను జూదరులతోను త్రాగుబోతులతోను ఒక్క వరుసలో చేర్చి సాక్ష్యమునకు తగరనెను. ఆ పంక్తి మాకు రుచింపలేదు. దొంగతనము, దౌర్జన్యము మున్నగువానిలో నందఱును సాక్షులే యని యాయనయే సడలించెను. స్త్రీల వ్యవహారమున స్త్రీలే సాక్ష్య మీయవలెనని మనువు చెప్పెను.

సాక్షులు లేనిచోట దివ్యములు కలవు. తుల, అగ్ని, జలము, విషము, కోశము అని యైదు. స్త్రీలకు, బాలురకు, వృద్ధులకు, రోగులకు తుల చాలును. కోశమనగా దేవతను స్నానము చేయించిన నీటిని మూడు పుడిసిళ్లు త్రాగించుట. 14 దినములలో రాజువలనగాని దైవమువలనగాని ఘోరమైన కీడు రాకున్న శుద్ధి కలిగినట్లే. అయితే మాకు ముఖ్యమని తోచినది వేఱు. గొప్ప నిందలలో నెదుటివానికి దివ్యము కోరువాడు, వాడు శుద్ధుడని తేలినచో దండము తానే భరింతునని ముందుగా నొప్పుకొనవలెను. దీనికే శీర్షకమని పేరు.

దొరల నాటి 1873 ప్రమాణముల చట్టమునను దీని పోలిక కొంత కలదు. ఫలాని విధమున నీవు ప్రమాణము చేసినచో నేను కట్టుబడుదునని ఒక కక్షిదారు చెప్పవచ్చును. ఎదుటివాడు చేసెనా, ఆ విషయము తేలినట్లే. 1969 చట్టమున నా యేర్పాటు లేదు. కాణిపాకము వినాయకుని యెదుట ప్రమాణము చేయువారు మాత్రము నేటికిని కలరు.

ఇక మన యిండ్ల మాట. వెండిగిన్నె కనబడకున్న, పనిమనిషిని పిలిచి బిడ్డ తలపై చేయి పెట్టి ఒట్టు వేయు మందుము. శీర్షకము మాట మన నోట రాదు. గిన్నె బియ్యపు డబ్బాలో దొరికినచో, "పోనీలే, దొరికినది గదా" యని యూరకుందుము. ఆలోపల నామెకు వీధిలో నాలుగిండ్ల పని పోయి యుండును.

మా వీధిలో నట్టి నింద యొకటి పుట్టెను. దీపము వెలిగించి ప్రమాణమునకు సిద్ధము చేసిరి. ఇంతలో నామె పనిచేయు తక్కిన యిండ్ల యిల్లాండ్రు నలుగురు వచ్చి, "పదేండ్లుగా మా తాళము చెవులు దీని చేతిలోనే యున్నవి, చీపురుపుల్ల యైనను పోలేదు, దీనిచేత ఒట్టు వేయించిన మేమును వేయుదు" మని గడపలో నిలిచిరి. ఆ యింటి యామె దీపమును లోపలికి తీసికొనిపోయెను. గిన్నె నేటికిని దొరకలేదు. పనిమనిషి యా యింట పని చేయుచునే యున్నది.