"వద్దు" చెప్పే డ్యూటీ ఎవరిది?

సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ ఉండకూడదని సర్వర్ల గురించి మనం ఎన్ని ప్రెజెంటేషన్లు ఇచ్చుంటామో! మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సూత్రం ఎవరికీ గుర్తుండదు. ఏ కోడ్ లోపలికెళ్ళాలి, ఏది వెళ్ళకూడదు, వాదన ఎక్కడ ఆపాలి... ఇదంతా ఒక్కడి నెత్తినే ఉంటుంది. వాడు చెల్లెలి పెళ్ళికని ఊరెళితే రిలీజ్ ఆగిపోతుంది. పాతకాలం ఇళ్ళల్లో తాళాల గుత్తి బొడ్లో దోపుకుని తిరిగే అత్తగారి లెక్క. ఆవిడ కునుకు తీస్తే పంచదార డబ్బా కూడా బయటికి రాదు.

అత్తగారి పెత్తనంలో సుఖం లేదనను. నిర్ణయాలు తొందరగా అవుతాయి, చేసిన పని అంతా ఒక చేతి వంటలా ఉంటుంది. పైథాన్ అలాగే పెరిగింది. 1991లో బయటికొచ్చిన దగ్గర్నుంచి 2018 దాకా ఆఖరి మాట గైడో వాన్ రోసమ్‌దే. "దయగల జీవితకాల నియంత" అని సరదాగా ఒక బిరుదు కూడా ఉండేది. అలాంటాయన 2018 జూలైలో నా వల్ల కాదని తప్పుకున్నాడు. కారణం ఏమిటయ్యా అంటే, కోలన్ పక్కన ఈక్వల్స్ పెట్టే ఒక చిన్న ఆపరేటర్! అదేనండీ, వాల్రస్ ఆపరేటర్ అంటారే, అది. పెప్ 572 మీద నెలల తరబడి కొట్టుకున్నారు. ఆయన దాన్ని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత, ఒక ప్రతిపాదన కోసం ఇంత పోరాడి, చివరికి ఇంతమందికి తన నిర్ణయమంటే పడకపోవడం ఇక భరించలేనని చెప్పి వెళ్ళిపోయాడు. వారసుడి పేరు చెప్పలేదు. మీ తిప్పలు మీరే పడండన్నాడు.

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. ఆయన్ని అలవగొట్టింది పని కాదు. కోడ్ రాసేవాళ్ళు, రివ్యూ చేసేవాళ్ళు అప్పటికే బోలెడుమంది ఉన్నారు. పంచుకోనిదల్లా చెడ్డపేరు. ఎవరికి ఏది నచ్చకపోయినా తిట్టుకోడానికి ఒకే మనిషి! మన ఆఫీసుల్లోనూ అంతే కదా, "నీ కోడ్ బాగుంది" అనడానికి పదిమంది వస్తారు. "ఇది వద్దు, వెనక్కి తీసుకో" అనాల్సినప్పుడు అందరి చూపూ సీనియర్ వైపే తిరుగుతుంది.

తర్వాత పైథాన్ వాళ్ళు చేసింది నాకు నచ్చింది. పాలన ఎలా ఉండాలన్న దాని మీద ఏడు ప్రతిపాదనలు రాసుకుని, డిసెంబర్‌లో ఓటేసి, పెప్ 8016ని ఎంచుకున్నారు. అయిదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్. ఎన్నికైనవాళ్ళల్లో ఒకే కంపెనీ వాళ్ళు ఇద్దరికి మించకూడదు. ప్రతి పెద్ద రిలీజ్ తర్వాతా మళ్ళీ ఎన్నిక. మూడింట రెండొంతుల ఓట్లతో దింపెయ్యొచ్చు. అన్నిటికన్నా తెలివైన వాక్యం వేరే ఉంది: కౌన్సిల్ తన అధికారాన్ని వీలైనంత తక్కువగా వాడాలట! 2019లో ఎన్నికైన మొదటి అయిదుగురిలో గైడో కూడా ఉన్నాడు. ఆ తర్వాతి ఎన్నికకి మాత్రం పక్కకి తప్పుకున్నాడు.

దీంతో గొడవలు ఆగాయా అంటే ఆగలేదు. 2024 ఆగస్టులో ఒక కోర్ డెవలపర్ని మూడు నెలలు సస్పెండ్ చేస్తే పెద్ద దుమారమే లేచింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. తిట్లు మాత్రం అయిదుగురి మధ్యా పంచుకోబడ్డాయి. ఎవరూ రాజీనామా చేసి పారిపోలేదు.

ఇప్పుడు రెండో కథ. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఒక కంప్రెషన్ సాఫ్ట్‌వేర్. లినక్స్ వాడే ప్రతివాడి మెషీన్‌లోనూ దాదాపుగా ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నది లాస్సె కొల్లిన్ అనే ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా. 2022లో కొత్త కొత్త పేర్లతో కొందరొచ్చి, ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయి, ఇంకెవరికైనా అప్పజెప్పమని ఆయన్ని పొడవడం మొదలెట్టారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని కూడా ఆయన చెప్పుకున్నాడు పాపం. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకడు వినయంగా సాయం చేస్తూ ఉన్నాడు. 2023 కల్లా తాళాలు వాడి చేతికొచ్చాయి. 2024 ఫిబ్రవరిలో 5.6.0 రిలీజ్‌లో దొంగ తలుపు పెట్టేశాడు. మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వకపోయుంటే మనందరి సర్వర్ల పరిస్థితి దేవుడికెరుక.

"చూశారా, పంచితే ఇలాగే అవుతుంది" అని దీన్ని చూపించేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. కొల్లిన్ పని పంచాడు, తాళాలు పంచాడు. ఆ పొడిచేవాళ్ళకి అడ్డుపడి "ఆగండి, ఇది ఆయన ఖాళీ టైములో చేసే పని, తొందరేం లేదు" అనే మనిషి ఆయన పక్కన లేడు. "వద్దు" చెప్పే భారమంతా నీరసంగా ఉన్న ఒక్కడి మీదే మిగిలింది. ఓపిక అయిపోయాక పంచుకునేది పంపకం కాదు, వదిలించుకోవడం. అప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టేస్తాం. ఇంకో సంగతి, ఆ దొంగ తలుపుని తెరిచే స్క్రిప్ట్ అందరికీ కనపడే రిపాజిటరీలో లేదు, రిలీజ్ కోసం తయారుచేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. మార్చేవాడూ వాడే, మూట కట్టేవాడూ వాడే. అలాంటప్పుడు మూట విప్పి చూసేదెవరు?

పంచుకోవడంలోనూ ఒక ప్రమాదం ఉంది లెండి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టు, పదిమందికి అప్రూవల్ హక్కులిస్తే పదిమందీ ఇంకొకరు చూశార్లే అనుకుంటారు. మా టీమ్‌లో అదే జరుగుతుంటే పోయినేడాది ఒక పద్ధతి పెట్టుకున్నాం. వారానికొకరి పేరు బోర్డు మీద ఉంటుంది. ఆ వారం ఏ కోడ్ ఆపాలన్నా, ఏ వాదన ముగించాలన్నా ఆ మనిషిదే మాట. నచ్చకపోతే పై వారం మళ్ళీ అడగొచ్చు గానీ ఆ వారం నోరెత్తకూడదు. ఒకటే షరతు, ఆపితే కారణం రాసి తీరాలి. మొదట్లో అందరూ మొహమాటపడి అన్నిటికీ ఊ కొట్టారు. కుదురుకోడానికి మూణ్ణెల్లు పట్టింది.

ఈ వారం డ్యూటీ చేరి ఇంకా ఏడాది నిండని అమ్మాయిది. నిన్న మా మేనేజర్ గారి కోడ్‌నే వెనక్కి పంపింది. కారణం రెండు లైన్లలో రాసింది. ఆయన ఇవాళ పొద్దున్నే సరిచేసి మళ్ళీ పంపించారు.