రంపం మిషనుకు ఏదో ఒక ప్లగ్గు చాలదు

వానలు పడితే లారీ తోటలోకి దిగదు. అందువల్ల ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల సరిహద్దు గ్రామాల్లో జామాయిల్, సుబాబుల్ కోతలు ఎండాకాలంలోనే ముమ్మరమవుతాయి. సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేటల నుంచి బూర్గంపాడు దాకా రోడ్ల పక్కన కర్ర పేర్చి వుండడం, అది సారపాక కాగితపు మిల్లుకు తరలిపోవడం యీ ప్రాంతం వారికి కొత్త గాదు. ఒకప్పుడు గొడ్డలితోనూ, ఇద్దరు పట్టి లాగే రంపంతోనూ సాగిన యీ పని ఇప్పుడు పెట్రోలు రంపం మిషనుతో సాగుతున్నది. ముందు మిషను కోస్తుంది. ఆ వెనుక కొమ్మలు నరికేవారు, తొక్క తీసేవారు, మోసేవారు, లారీ ఎత్తేవారు వుంటారు. మిషను ఆగితే వారందరి కూలీ ఆగుతుంది.

అది ఆగడానికి కారణం చాలాసార్లు బొటనవేలంత ప్లగ్గే. అయినా దాన్ని కొనే తీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మిషను కొనేటప్పుడు నలుగురిని అడిగి, రెండు ఊళ్లు తిరిగి కొన్నవారే, ప్లగ్గు దగ్గరకు వచ్చేసరికి "రంపం ప్లగ్గు ఒకటి ఇవ్వండి" అని చేయి చాస్తారు. దుకాణదారు తన వద్ద వున్నది తీసి యిస్తాడు. అది మరలో పడితే చాలు, సరిపోయిందనుకుంటారు. ఇక్కడే నష్టం మొదలవుతున్నది.

ప్లగ్గుకు మర పట్టడం వేరు, మిషనుకు ప్లగ్గు సరిపోవడం వేరు. చాలా రంపం మిషన్లలో ప్లగ్గు మర 14 మిల్లీమీటర్ల లావు, 9.5 మిల్లీమీటర్ల పొడవు వుంటుంది. పాత రెండు స్ట్రోకుల స్కూటర్లకు వాడిన ప్లగ్గుల్లో అదే లావుతో 12.7 మిల్లీమీటర్ల పొడవు గల రకం వున్నది. అది రంపం మిషనులో చక్కగా బిగుస్తుంది. కాని మూడు మిల్లీమీటర్లు లోపలికి పొడుచుకుపోతుంది. పిస్టన్ పైకి వచ్చి దాన్ని కొట్టిందంటే ప్లగ్గు మొన వంగడంతో పోదు, పిస్టన్ తలకు కూడా దెబ్బ తగులుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో మర 10 మిల్లీమీటర్లే. కనుక పక్కవాడి మిషనుకు వేసిన ప్లగ్గు తన మిషనుకు పనికివస్తుందన్న భరోసా లేదు.

ఇక వేడి సంగతి. ప్లగ్గు మొన దాదాపు 450 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన వుంటేనే దానిమీద పడ్డ మసి తనంతట తాను కాలిపోతుంది. 850 డిగ్రీలు దాటితే నిప్పురవ్వ రాకముందే మొన వేడికి పెట్రోలు అంటుకుంటుంది, పిస్టన్ కరగడానికి అది దారి. యీ రెంటికీ నడుమ వుండేటట్టు ప్రతి కంపెనీ తన ప్లగ్గులకు ఒక అంకె వేస్తుంది. చిక్కేమిటంటే, జపాను వారి ఎన్.జి.కె. ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, జర్మనీ వారి బాష్ ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ వేడిది. ఒక కంపెనీ ఏడుకు బదులు మరో కంపెనీ ఏడు అడిగేవారు యిది తెలియకనే మోసపోతున్నారు. స్టిల్ కంపెనీ వారు తమ అనేక మోడళ్ల చేతిపుస్తకాల్లో బాష్ డబ్ల్యు.ఎస్.ఆర్.6ఎఫ్, ఎన్.జి.కె. బి.పి.ఎం.ఆర్.7ఎ అని రెంటినీ పక్కపక్కన యిచ్చారు. ఆరు, ఏడు వేరైనా పని ఒక్కటే. వాటిలో కనిపించే ఆర్ అక్షరం లోపల రెసిస్టరు వున్నదనడానికి గుర్తు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గల మిషన్లకు అది లేని ప్లగ్గు వేయరాదు.

చేతిపుస్తకం దాచుకునేవారు తక్కువే. అట్టపెట్టెతో పాటే పొయ్యిలోకి పోయిన పుస్తకాలే ఎక్కువ. అట్టివారు మిషనుతో వచ్చిన మొదటి ప్లగ్గు తెల్లని పింగాణీ మీది అక్షరాలు చెరగకముందే కాగితం మీద రాయించుకుని మిషను పెట్టెలో అంటించుకోవాలి. చౌకగా దొరికే 58 సి.సి. చైనా మిషన్లలో చాలావాటితో ఎల్7టి అనే ప్లగ్గు వస్తుంది. అదేమీ పనికిమాలినది కాదు, కాని దానికి బదులు వేరే కంపెనీది వేసేటప్పుడు పొడవు, అంకె, రెసిస్టరు చూసుకోవలసిందే.

యీ ప్రాంతంలో పెద్దవారికి ప్లగ్గు అంటే మైకో. బెంగుళూరులో 1951లో మొదలైన ఆ కంపెనీ బాష్ వారి శాఖే, 2008 నుంచి బాష్ పేరుతోనే నడుస్తున్నది. పాత పేరు మీది నమ్మకంతో పేరు చూసి కొనేవారినే నకిలీలు పట్టుకుంటున్నాయి. పెద్ద కంపెనీల పెట్టెలను అచ్చంగా దింపిన ప్లగ్గులు బజారులో తిరుగుతున్నాయన్నది ఆ కంపెనీలే చెబుతున్న మాట. పెట్టె చూసి పోల్చడం కష్టం. ప్లగ్గును చేతిలోకి తీసుకుని చూడాలి. వంపు తిరిగిన మొన సరిగ్గా నడిమి మొనకు ఎదురుగా వుండాలి, పక్కకు ఒరిగి వుండరాదు. పింగాణీ మీది అచ్చు గోటితో గీస్తే లేవరాదు. మంచి ప్లగ్గుకు వాషరు దానంతట అది జారి ఊడిపడదు. ధర తోటివాటిలో సగమే చెబితే ఆ దుకాణం మెట్లు దిగడం మేలు.

వీటన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి వున్నది. మిషను మొరాయించినప్పుడల్లా తప్పు ప్లగ్గుది కాదు. ప్లగ్గు సాక్షి మాత్రమే. విప్పి చూస్తే లోపల ఏమి జరుగుతున్నదో రంగులో కనిపిస్తుంది. లేత గోధుమ రంగు వుంటే మిషను ఆరోగ్యంగా వున్నట్టు. నల్లగా, జిడ్డుగా వుంటే నూనె ఎక్కువైనా కావచ్చు, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా కావచ్చు. మన ఎర్రమట్టి దుమ్ములో, రంపపు పొట్టులో ఫిల్టరు పూటకే నిండుతుంది. దాన్ని దులపకుండా ప్లగ్గులు మార్చేవారు దుకాణదారుని పోషిస్తున్నట్టే. మొన తెల్లగా సున్నం కొట్టినట్టు వున్నదంటే మాత్రం అప్పుడే మిషను ఆపాలి. పెట్రోలు చాలక గాలి ఎక్కువవుతున్నదని దాని అర్థం. ఆ స్థితిలో మరో గంట కోస్తే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు ఖర్చు వందల్లో కాదు, వేలల్లో.

నూనె కలిపే కొలత కూడా కంటి అంచనాకే వదిలేస్తున్నారు. 50కి 1 పాలు అన్న మిషనుకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 పాలు అన్నదానికి 40 మిల్లీలీటర్లు. మూతతో, సీసా అడుగుతో పోసే నూనెకు లెక్క లేదు. పైగా నేటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. కోతలు ముగిసిన తర్వాత అదే పెట్రోలుతో మిషనును అటక మీద పెట్టి, వానాకాలం చివర తీసి తాడు లాగి, స్టార్టు కాలేదని ప్లగ్గును తిట్టడం న్యాయం కాదు. దాచిపెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, మిషను దానంతట అది ఆగేదాకా నడపాలి.

ప్లగ్గు ఎంతకాలం వస్తుందన్నదానికి కంపెనీలు చెప్పే లెక్క సుమారు 100 గంటల పని. రెండు స్ట్రోకుల ఇంజను ప్రతి చుట్టుకూ ఒక నిప్పురవ్వ వేస్తుంది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే సెకనుకు 150 రవ్వలు, 100 గంటలకు 5 కోట్ల 40 లక్షలు. అంత పని చేసిన మొనలు అరిగి, వాటి మధ్య సందు పెరుగుతుంది. చాలా మిషన్లకు వుండవలసిన సందు 0.5 మిల్లీమీటరు. అది పెరిగితే రవ్వ దూకడానికి కాయిల్ మీద భారం పెరుగుతుంది. ప్లగ్గును మిగుల్చుకుని కాయిల్ పోగొట్టుకోవడం మన పల్లెల్లో మామూలై పోయింది. కొందరు పాత ప్లగ్గును పొయ్యిలో కాల్చి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తారు. కాల్చితే పింగాణీ బీటలు వారవచ్చు. రుద్దిన గరుకుపొడి సిలిండరులో పడితే గీతలు తప్పవు.

ఇదంతా డబ్బు నష్టం. ప్రాణం మాట వేరే వున్నది. చెట్టును మూడొంతులు కోశాక మిషను ఆగిపోతే ఆ చెట్టు నిలబడినట్టూ కాదు, పడినట్టూ కాదు. గాలి ఎటు వీస్తే అటు వాలుతుంది. దాని కిందనే కూర్చుని ప్లగ్గు విప్పి, ఊది, మళ్లీ తాడు లాగే మేస్త్రీలు వున్నారు. మిషను మొరాయిస్తున్నదని తెలిసినప్పుడు కొత్త చెట్టుకు రంపం పెట్టరాదు, సగం కోసిన చెట్టు చుట్టూ మనిషిని నిలవనీయరాదు. రవ్వ వస్తున్నదా అని చూడడానికి పెట్రోలు డబ్బా పక్కనే పెట్టుకుని ప్లగ్గును సిలిండరుకు ఆనించి తాడు లాగేవారి ధైర్యాన్ని ఏమనాలి? ఎండిన జామాయిల్ ఆకులో నూనె వుంటుంది. ఒక్క రవ్వ చాలు. పెట్రోలు పోసిన చోటుకు కనీసం మూడు మీటర్ల దూరం జరిగి స్టార్టు చేయాలని చేతిపుస్తకాలన్నీ చెబుతున్నాయి. ప్లగ్గు తలమీది చిన్న నట్టు వదులైనా, టోపీ సరిగా కూర్చోకపోయినా రవ్వ బయటే పడుతుంది.

రిజర్వు అడవిలోకి మిషను తీసుకుపోయేవారి సంగతి యిక్కడ అప్రస్తుతం. 1967 అటవీ చట్టం క్రింద పట్టుబడితే మిషనే పోతుంది, వారికి ప్లగ్గు విచారం అక్కరలేదు.

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఒక్క పూటలో వేలాది చెట్లు నేలకూలాయి. గాలివానలకు భద్రాచలం, ఏటూరునాగారం దారుల్లో చెట్లు అడ్డం పడడం ఏటా వున్నదే. అట్టి రోజున ఊళ్లో వున్న మిషన్లు ఒక్క లాగుకు స్టార్టు కావాలి. అంబులెన్సు ఆగిన రోడ్డు మీద ప్లగ్గు కోసం కొత్తగూడెం పోయి వచ్చే వ్యవధి వుండదు.

కనుక దుకాణదారులు చేయవలసినది కొంత వున్నది. తమ ప్రాంతంలో ఎక్కువగా తిరిగే నాలుగైదు మిషన్లకు ఏ నంబరు ప్లగ్గు కావాలో ఒక అట్టమీద రాసి కౌంటరు దగ్గర వేలాడదీయడం పెద్ద పని కాదు. బిల్లు మీద "ప్లగ్గు ఒకటి" అని గాక నంబరుతో సహా రాసి యివ్వాలి. బిల్లు అడిగితే ముఖం చిట్లించే చోట కొనకపోవడమే కొనేవారి చేతిలో వున్న పని.

కంట్రాక్టర్లతో మరొక పేచీ వున్నది. చాలాచోట్ల టన్నుకు యింత అని కోత కూలీ మాట్లాడుకుంటారు, మిషను ఖర్చులు మేస్త్రీ నెత్తిన పడతాయి. రెండు మూడు లీటర్ల పెట్రోలు ధర చేసే ప్లగ్గు కూడా ఆ లెక్కలోనే పోతుంది గనుక, మేస్త్రీ దాన్ని వీలైనంత కాలం సాగదీస్తాడు. అతన్ని తప్పు పట్టడం సులభం. కాని మిషను ఆగితే లారీ వెయిటింగు కట్టవలసిన కంట్రాక్టరుకూ, కోత ఆలస్యమైన తోట యజమానికీ ఆ నష్టంలో భాగం వున్నది. బేరం కుదిరిన రోజునే గొలుసు, నూనె, ప్లగ్గు ఎవరి ఖర్చో చెప్పుకోవాలి. వంద గంటలకు ఒక కొత్త ప్లగ్గు, మిషను పెట్టెలో ఎప్పుడూ మరొకటి, దానితో పాటు 19 మిల్లీమీటర్ల పానా కంట్రాక్టరే యివ్వాలని మేస్త్రీలు అడగడంలో తప్పేమీ లేదు.