గోడ మీద ఎవరి ముఖం? చాటింపులో ఎవరి మాట?

మన పిల్లలు సినిమా తీసినారు. పదిహేను నిమిషాల సినిమా. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయే ఆడపిల్లల మీద తీసినారు. తీసినవాళ్ళు సంక్షేమ హాస్టళ్ళలో ఉండి డిగ్రీ చదువుతున్న మాల, మాదిగ, వడ్డెర పిల్లలు. కర్నూలోళ్ళు కొందరు, కడపోళ్ళు కొందరు. వాళ్ళ కెమెరా ఫోను. వాళ్ళ లైటు ఎండ. సినిమా పేరు, పిల్లల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

సినిమా అయిపోయింది. ఇంగ దాన్ని జనంలోకి తీసుకపోవాల. నిమిషం పాటి ట్రైలరు, ఒక పోస్టరు, ఒక కరపత్రం. "ఈ మూడూ ఎట్లుండాలో మాట్లాడుకుందాం, రాండన్నా" అని మమ్మల్ని పిలిచినారు. పోయినాం. అక్కడ జరిగిన చర్చ ఆ పిల్లలది మాత్రమే కాదు. రేపు మీ పల్లెలో మీ బిడ్డ కూడా ఫోను పట్టుకుని సినిమా తీస్తాడు. అందుకే రాస్తున్నాం.

మేము పోయేసరికే సలహాలు చెప్పేవాళ్ళు చెప్పేసి పోయినారు. ఒక లెక్చరరు గారు, "పోస్టరు మీద కులం ఎందుకప్పా? ఒక ఆడపిల్ల కథ అని పెట్టండి. అందరూ చూస్తారు. లేకుంటే కేసులైతాయి" అన్నాడంట. పట్నంలో వీడియోలు కత్తిరించే స్నేహితుడొకడు, "సీమ సినిమా అంటే కొడవలి కనపడాల, సుమో లేయాల. లేకుంటే ఎవడు నొక్కుతాడ్రా?" అన్నాడంట. ఈ రెండింటికీ మా జవాబు చెప్తాం. మూడో తప్పు మాది. అదీ చెప్తాం.

ముందు కులం సంగతి.

అయ్యా లెక్చరరు గారూ, 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001లో 'నరసింహనాయుడు' వచ్చింది. 2002లో 'చెన్నకేశవరెడ్డి' వచ్చింది. 2023లో 'వీరసింహారెడ్డి' వచ్చింది. కర్నూలు గోడల మీద, ప్రొద్దుటూరు గోడల మీద ఆ పేర్లు నిలువెత్తు అక్షరాలతో అంటించినారు. ఆ రోజు మీరు ఎవరినైనా ఆపి, "పేరులో కులం ఎందుకప్పా, ఒక మనిషి కథ అని పెట్టండి" అన్నారా? రెడ్డి అంటే వీరుడి పేరు, నాయుడంటే పౌరుషం పేరు, మాదిగ అంటే మాత్రం కులం పేరా? వాళ్ళ కులానికి పోస్టరు, మన కులానికి ముసుగా?

మన పేరు గోడ మీదికి ఎప్పుడూ ఎక్కలేదని కాదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసినాడు. కథ చలానిది. జనం విరగబడి చూసినారు. ఎనభై ఏండ్లకు పైగా కిందట మాల అనే మాట పోస్టరు మీద ఉన్నా కొంప మునగలేదు. అయితే ఆ మాట రాసినవాళ్ళు మాలలు కాదు. మనల్ని ఇంకొకరు ఉద్ధరిస్తుంటే మన కులం పేరు చల్లగా ఉంటుంది. మనమే నోరు తెరిచి మన కథ చెప్తే అదే పేరు నిప్పవుతుంది. తేడా అక్కడుంది.

కేసుల మాట కూడా తేల్చుకుందాం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దళితుణ్ణి నలుగురిలో కులం పేరుతో తిట్టడం, అవమానించడం నేరమని ఆ చట్టం చెప్తుంది. మాదిగ బిడ్డ తన సినిమా పోస్టరు మీద తాను మాదిగనని రాసుకోవడం నేరమని ఏ చట్టమూ చెప్పదు. తెలియని పిల్లలను చట్టం పేరు చెప్పి భయపెట్టడం చదువు చెప్పేవాళ్ళకు తగదు.

ఇంగ కొడవలి సంగతి.

పాతికేండ్లకు పైగా తెలుగు సినిమా సీమను ఒకటే చూపించింది. కొండారెడ్డి బురుజు, తెల్ల చొక్కా, మీసం, గాల్లో లేచే సుమో. ఆ సినిమాల్లో మనం యాడున్నాం? జీపు ఎనకాల పరిగెత్తేవాళ్ళం. దొర చెప్తే నరికేవాళ్ళం. దొర కోసం చచ్చేవాళ్ళం. నిజం ఫ్యాక్షన్లో కూడా బాంబుల సంచి మోసిందీ, జైలుకు పోయిందీ, ముండమోసిందీ పేదోళ్ళే. కానీ కథ మాత్రం దొరది.

సీమలో ఇంకేమీ లేదా? కోసిగి, ఆదోని వైపు నుంచి ఇండ్లకు తాళాలేసి గుంటూరు మిరప చేలకు వలస పోయే సంసారాలు లేవా? బేతంచెర్ల బండలు పరిచే చేతులు లేవా? మంగంపేట ముగ్గురాయి దుమ్ము లేదా? సీడు పత్తి చేనిలో సాయంత్రం పూట ఒక్కో మొగ్గ గిల్లి మగ కేసరాలు తీసేసి, తెల్లారి మగ పువ్వు తెచ్చి రుద్దే ఆడపిల్లల వేళ్ళు లేవా? మందు కొట్టిన చేనిలోనే ఆ పని. బడి నడిచే నెలల్లోనే ఆ పని. మన పిల్లలు తీసింది ఆ వేళ్ళ కథ. దాని ట్రైలర్లో కొడవలి ఎట్లొస్తుంది? సినిమాలో లేనిది ట్రైలర్లో పెడితే అది మోసం. కొడవలి చూడను వచ్చినోడు పత్తి చేను చూసి తిట్టుకుంటూ లేచిపోతాడు. పత్తి చేను చూడాల్సినోళ్ళు, ఇదేదో కొట్లాట సినిమా అనుకుని రానే రారు.

దీనికొక మనిషిని చూపిస్తాం. నాగరాజ్ మంజులే. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా జేవూరు. వడ్డెర కులంలో పుట్టినాడు. మన సీమలో రాళ్ళు కొట్టే కులమే. అప్పటి అహ్మద్‌నగర్‌లో కాలేజీలో చదువుకుంటున్న కాలంలోనే 'పిస్తుల్యా' అనే పొట్టి సినిమా తీసినాడు. బడికి పోవాలని ఆశపడే పేద పిల్లోని కథ. దానికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ తర్వాత 2013లో 'ఫండ్రీ'. పందులు పట్టే ఇంటి పిల్లోడు చివరికి విసిరిన రాయి నేరుగా చూసేవాళ్ళ ముఖం మీదికే వస్తుంది. 2016లో 'సైరాట్'. దాని ప్రచారమంతా పాటలు, పడుచు ప్రేమ. జనం పాటల కోసం పోయి, చివర్లో కులం ఏం చేస్తుందో చూసి నోరు పడిపోయి బయటికొచ్చినారు. మంజులే ముగింపు దాచినాడు, కానీ అబద్ధం చెప్పలేదు. ఆ ప్రేమా నిజమే, ఆ చావూ నిజమే. దాచడం వేరు, మోసం వేరు. ట్రైలరు చేసేవాళ్ళు నేర్చుకోవాల్సిన పాఠమిది. అదే కథను 2018లో హిందీలో 'ధడక్' అని తీసినప్పుడు కులాన్ని నీళ్ళలో కలిపేసినారు. అందరూ చూడాల అని కులం తీసేస్తే ఏం మిగులుతుందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు.

ఇప్పుడు మా తప్పు.

సినిమాలో కూలి పిల్ల వేషం వేసింది హాస్టల్ అమ్మాయి. పోస్టరుకు మాత్రం "నిజం ఉండాలన్నా" అని చేనిలో పని చేస్తున్న నిజం పిల్లను ఫోటో తీసినారు. పన్నెండేండ్లుంటాయేమో. చెమట, దుమ్ము, కండ్లలో నీళ్ళు. ఆ పోస్టరు మాకు చూపించినారు. మేము ఏమన్నాం? "బ్రహ్మాండంగా ఉంది" అన్నాం. ఇన్నేండ్లు ఉద్యమంలో ఉన్నవాళ్ళం, సిగ్గులేకుండా అన్నాం.

ఆ సాయంత్రం పిల్లలతో కలిసి ఆ తల్లి దగ్గరికి పోయినాం. పోస్టరు చేతిలో పెట్టినాం. చానాసేపు చూసింది. కొంగుతో తుడిచింది, కాగితం మీద దుమ్మున్నట్టు. ఆ తర్వాత, "బాగుంది నాయనా. కానీ దీన్ని గోడకు అంటించొద్దండి. మీరు పట్నం పోతారు. మేము రేపు పొద్దున ఆ చేనికే పోవాల. అడ్వాన్సు తీసుకున్యాం" అనింది.

మా నోళ్ళు మూతబడినాయి. చేను యజమాని గుర్తుపడతాడు. సీడు ఆర్గనైజరు గుర్తుపడతాడు. రేపు ఆ పిల్లకు పెండ్లి చూపులకొచ్చినోళ్ళు కూడా గుర్తుపడతారు. ఫోన్లోకి ఎక్కిన బొమ్మ ఎన్నేండ్లకూ దిగదు. మనం న్యాయం అడుగుతూ ఆ బిడ్డ ముఖాన్ని అడగకుండానే వాడుకున్నాం. ఆర్గనైజరు ఆ పిల్ల వేళ్ళు వాడుకున్నాడు, మనం ముఖం వాడుకున్నాం.

చట్టమూ ఒప్పుకోదు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాధితులైన పిల్లలు, సంరక్షణ అవసరమైన పిల్లలు ఎవరో తెలిసేటట్టు పేరు గానీ, ఇల్లు గానీ, బడి గానీ, ఫోటో గానీ ఏ పత్రికలోనూ, ఏ దృశ్య మాధ్యమంలోనూ రాకూడదు. చట్టానికి విరుద్ధంగా పనిలో పెట్టిన పిల్ల ఆ లెక్కలోకే వస్తుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేకుంటే రెండూ. లెక్చరరు గారు లేని కేసుతో భయపెట్టినాడు. ఉన్న కేసు సంగతి మాతో సహా ఎవ్వరమూ చెప్పలేదు.

మిత్రులారా, మన కన్నీళ్ళకు గిరాకీ ఎప్పుడూ ఉంది. 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత మన శవాల ఫోటోలు లోకమంతా చూసింది. కొట్లాడి నిలబడినవాళ్ళ ముఖాలు ఎన్ని చూసింది? మన ఏడుపు చూసి "అయ్యో" అన్నవాడు మన పక్కన కూర్చుని తింటాడని నమ్మకం లేదు. ఏడుపు పోస్టరు జాలి తెస్తుంది. మనకు కావాల్సింది జాలి కాదు, బడి, కూలి, భూమి.

ఊళ్ళో చాటింపు వేసింది తరతరాలుగా మన చేతులే. శిస్తు కట్టమని, కాలువకు నీళ్ళొదుల్తున్నామని, జాతర ఫలానా రోజని మన డప్పే చెప్పింది. డప్పు మనది, మాట కరణానిది, రెడ్డిది. సినిమా ఊళ్ళోకొచ్చినప్పుడు కూడా బండికి మైకు కట్టి, రంగు కాగితాలు విసిరి పిలిచినారు. ఆ కాగితాల కోసం బండెనక పరిగెత్తిన పిల్లోళ్ళం మనమే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో ఉద్యమం మొదలైనప్పుడు దండోరా అనే మాట మొదటిసారి మన సొంతానికి మోగింది. ట్రైలరు, పోస్టరు, కరపత్రం అంటే అదే చాటింపు. ఈసారి డప్పూ మనదే, మాటా మనదే కావాల.

అందుకని ఆ పిల్లలతో కూర్చుని నిర్ణయించుకున్నవి ఇవి. మీకూ పనికొస్తాయి.

ఒకటి. సినిమా, ట్రైలరు, పోస్టరు ముందు పల్లెలో చూపించాల. నటించినవాళ్ళకు, ఇల్లిచ్చినవాళ్ళకు, చేను చూపించినవాళ్ళకు. ఎవరైనా "ఇది వద్దు" అంటే తీసేయాల. ఎందుకని నిలదీయకూడదు.

రెండు. పోస్టరు మీద చిన్నపిల్లల ముఖాలు వద్దు. పుప్పొడి అంటిన చెయ్యి చాలు. పక్కన బడి సంచి చాలు. తీసినవాళ్ళ కులం వాళ్ళకిష్టమైతే వాళ్ళ అక్షరాలతోనే రాసుకోవాల.

మూడు. ట్రైలరు నిమిషం దాటకూడదు. సినిమా పాటలు ఎత్తుకొచ్చి పెట్టొద్దు, వాటికి హక్కుదారులుంటారు. మన డప్పు ఉంది. మాట సీమ మాటే ఉండాల. "యాడికి పోతాండావు" అన్నదాన్ని పుస్తకం తెలుగులోకి దిద్దొద్దు. శబ్దం లేకుండా చూసేవాళ్ళ కోసం మాటలు కింద పెద్ద అక్షరాలతో వేయాల.

నాలుగు. థియేటర్లో వేయాలంటే సినిమాకే కాదు, ట్రైలరుకు కూడా సెన్సారు సర్టిఫికెట్ కావాల. అది తెలియకుండా థియేటరు వానికి మాటివ్వొద్దు.

ఐదు. కరపత్రం ఒకరు చదివితే పదిమంది వినేటట్టు ఉండాల. చిన్న వాక్యాలు. ఎప్పుడు, యాడ, ఎన్ని గంటలకు అనేది మొదట్లోనే ఉండాల. మైకుకు పర్మిషన్ తీసుకోవాల. రాత్రి పది దాటితే మైకు కట్టేయాల. మనల్ని ఆపను వాళ్ళకు సాకు దొరకకూడదు.

ఆరు. ఊళ్ళో గోడలకు కూడా కులం ఉంది. ఎవరి గోడో అడిగి అంటించాల. పల్లెలో కమ్యూనిటీ హాలు, చర్చి, హాస్టలు, కూలోళ్ళు ఎక్కే ఆటో, ఇవి మన గోడలు.

ఏడు. "ఫ్లెక్సీకి డబ్బులిస్తా, పైన నా ఫోటో పెట్టండి" అనే నాయకులొస్తారు. మన కులం నాయకులే ముందొస్తారు. దండం పెట్టి పంపించండి. పిల్ల ముఖం తీసేసిన చోట నాయకుని ముఖం పెడితే మనం చేసిందేముంది?

పాత పోస్టరు చించేసినారు. ఫోన్లలో ఉన్న ఫోటోలు ఆ తల్లి ముందరే తీసేసినారు. కొత్త పోస్టరు మీద హాస్టల్ అమ్మాయి చెయ్యి ఉంది, చేతిలో గిల్లిన మొగ్గ ఉంది. మొదటి కాగితం ఆ తల్లికే ఇచ్చినాం. ఆమె దాన్ని తన ఇంటి గోడకే అంటించుకుంది.

ఇంగొక పని మిగిలింది. ఆ అడ్వాన్సు. అది తీరకుండా ఆ పిల్ల బడికి పోదు. సినిమా ఆడిన ప్రతి పల్లెలో ఆ మాట ఎత్తాల. సీడు పత్తి చేలల్లో పిల్లలను పెట్టిన ఊర్ల పేర్లు రాసుకుని అధికారుల బల్ల మీద పెట్టాల. చాటింపు వేసి ఇంటికి పోయి పండుకుంటే అది ఉద్యమం కాదు. సంఘాల వాళ్ళారా, మీ పల్లెకు ఈ పిల్లలను పిలవండి. చూడండి. చూసినాక లేచి అడగండి.

జై భీమ్!