వాపు బలుపు కాదు

పాతికేళ్ళు నిండకుండానే పల్లెల్లో కొందరు యువతీ యువకులకు బుగ్గలు లోనికి పోయి, కళ్ళ కింద గుంటలు పడుతున్నాయి. పెళ్ళిచూపుల వేళకు ఇది ఇంటిల్లిపాదికీ దిగులవుతోంది. ఆ దిగులే కొందరికి బేరమైంది. నెల తిరక్కుండా బుగ్గలు నిండుతాయంటూ పేరులేని పొట్లాల్లో బిళ్ళలు అంటగడుతున్నారు.

ఇలా అమ్ముడుపోయే వాటిలో డెక్సామెథాసోన్ ఒకటి. ఇది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. ఉబ్బసం, తీవ్రమైన ఎలర్జీ వంటి జబ్బులకు డాక్టర్లు దీనిని లెక్కగా ఇస్తారు. అదే పనిగా మింగితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. చూసినవారు ఒళ్ళు చేశాడని సంబరపడతారు. అది కండ కాదు. షుగరు, రక్తపోటు పెరుగుతాయి. ఎముకలు గుల్లబారతాయి. క్షయ లోపల దాగి ఉంటే విజృంభిస్తుంది. చాలా కాలం వాడి ఒక్కసారిగా మానినా ప్రాణం మీదికి వస్తుంది. కనుక ఇప్పటికే వాడుతున్నవారు డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించుకోవాలి.

బుగ్గలు ఎందుకు పోయాయో ముందు తెలుసుకోవాలి. కొందరికి అది తాతల నాటి పోలిక. దానికి మందు అక్కరలేదు. చాలీచాలని తిండి, దవడ పళ్ళు ఊడిపోవడం, త్వరత్వరగా బరువు తగ్గడం, క్షయ, మధుమేహం, థైరాయిడ్ జబ్బు మరికొందరికి కారణాలు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం ఉంటే కళ్ళె పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వాసుపత్రుల్లో క్షయకు పరీక్షలు, మందులు ఉచితం. రోగుల పోషణకు నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది.

పట్నాల్లో ఫిల్లర్ల పేరిట బుగ్గల్లోకి జెల్ ఎక్కించే చికిత్స ఉంది. హైలురోనిక్ యాసిడ్ జెల్ సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర నిలిచి కరిగిపోతుంది. మళ్ళీ ఖర్చే. పొట్ట, తొడల కొవ్వు తీసి బుగ్గల్లో నింపే పద్ధతి కూడా ఉంది. అందులోనూ కొంత కరిగిపోతుంది. జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం కుళ్ళవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. ఇది చర్మవ్యాధుల నిపుణులు, ప్లాస్టిక్ సర్జన్లు చేయవలసిన పని. బ్యూటీపార్లర్లలో చేయించుకోరాదు.

పొట్లాల బేరంపై ఔషధ తనిఖీ అధికారులు దాడులు జరపాలి. ఆశా కార్యకర్తలు ఇంటింటా ఈ సంగతి చెప్పాలి. పిల్లకైనా పిల్లవాడికైనా బుగ్గలు లేవని వంక పెట్టే పెద్దలు కూడా ఆలోచించాలి. ఆ ఒక్క మాటే పిల్లలను బిళ్ళల పొట్లం దగ్గరకు నడిపిస్తోంది.