కర్త లేని వాక్యాలు

మా ఘట్‌కేసరు నుండి ఉప్పలు దాకా వరంగల్లు రహదారిపై ఎవరు కూలినా వార్త ఒకటే: వాహనం అదుపు తప్పింది. కర్త వాహనమే! గుంత త్రవ్వి వదలినవాడు ఆ వాక్యంలో కానరాడు.

ఉప్పల్–నారపల్లి ఆకాశమార్గానికి 2018లో శంకుస్థాపన చేసి, 2020కి ముగిస్తామన్నారు. గడువు దాటి ఏళ్ళు గడిచినా జనానికి దక్కినవి స్తంభాలూ, వాటి ప్రక్క గుంతలూ.

నియమాలు లేవా? పని జరిగేచోట హెచ్చరిక ఫలకాలు, అడ్డుకట్టలు, రాత్రివేళ దీపాలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో వ్రాసిపెట్టింది. 2019 చట్టసవరణలోని 198ఎ సెక్షను, బాట లోపంతో ప్రాణం పోతే అధికారికీ గుత్తేదారుకూ జరిమానా అన్నది. ఎంతనుకున్నారు? లక్ష రూపాయలకు మించదు! అదైనా వసూలు చేయండి మహాప్రభో. శిరస్త్రాణం లేని సామాన్యునికి చలానా వ్రాసే కలమే, ప్రమాదపత్రంలో డ్రైవరు సరసన ఆ బాట బాధ్యుని పేరూ వ్రాయాలి.