ఇంటి పలుకు – బడి గడప

మదనపల్లెకు సమీపంలో, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కొండను నేటి లోకం హార్స్లీ హిల్స్ అని పిలుస్తున్నది. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్లీ అక్కడ వేసవి విడిది కట్టించుకొనడం వలన ఆ పేరు వచ్చింది. అంతకు పూర్వం అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే సాధ్వి ఆ కొండపై నివసించిందనీ, ఏనుగులు ఆమెకు ఆహారం తెచ్చి పెట్టేవనీ, ఆమె అక్కడి చెంచులను కన్నబిడ్డల వలె ఆదరించిందనీ జనశ్రుతి. రాతకోతలలో కొత్త పేరు స్థిరపడినా, పాత పేరు జనుల నోట ఇంకా బ్రతికే ఉన్నది. పలికేవారు ఉన్నంతకాలం మాటకు మరణం లేదు.

ఆ కొండ చుట్టుపట్ల తండాల నుండి బడికి వచ్చే పసిబిడ్డకు మాత్రం తొలినాడే తన మాటను గడప బయట విడిచి రావలసి వస్తున్నది. సుగాలి బిడ్డకు ఇంట్లో అమ్మ ‘యాడి’, నీరు ‘పాణి’. పలక మీద మాత్రం ‘అమ్మ’, ‘నీళ్లు’ అని దిద్దాలి. ఇతర పిల్లలు తెలిసిన మాటకు అక్షరం నేర్చుకొంటూ ఉండగా, ఆ బిడ్డ తెలియని మాటకు తెలియని అక్షరం నేర్చుకోవాలి. ఒకేసారి రెండు బరువులు. మోయలేక మౌనం వహించిన బిడ్డను మందమతి అనుకొనడం సులభం. ఆ మౌనానికి కారణం వెదకడమే గిరిజన విద్యలో మొదటి పాఠం.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సుగాలీలు, ఎరుకలు, యానాదులు, నక్కలవారు అనాదిగా జీవిస్తున్నారు. సుగాలీలది గోర్‌బోలి, నక్కలవారిది వాగ్రిబోలి. ఎరుకలకు ద్రావిడ కుటుంబానికి చెందిన సొంత భాష ఉన్నది. యానాదుల నుడి తెలుగే అయినా, దాని యాస పుస్తకాల భాషకు దూరం. శ్రీకాకుళం, విశాఖ మన్యాలలో వలె ఇక్కడ షెడ్యూల్డు ప్రాంతం లేదు. ఊరికి పది ఇళ్లు, వాగు గట్టున నాలుగు గుడిసెలు – ఇలా చెదరి ఉన్నవారు ప్రభుత్వ పథకాల దృష్టికి ఆనడం కష్టం.

గిరిజనుల చదువుకు జరిగిన కృషి తక్కువేమీ కాదు. ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాలు, ఉపకార వేతనాలు వేలాది కుటుంబాలలో మొదటి తరం విద్యావంతులను తయారుచేశాయి. 1999లో గిరిజన గురుకుల విద్యాలయాల సంస్థ ఏర్పడింది. యానాదుల అభ్యున్నతికి నెల్లూరు కేంద్రంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ వెలిసింది. అయినప్పటికీ 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం కాగా, షెడ్యూల్డు తెగలలో 49 శాతమే. అన్నం, పుస్తకం, పడక ఏర్పరచినంత మాత్రాన ఈ అంతరం తీరదు. బిడ్డ భాషకూ, బిడ్డ కుటుంబానికీ కూడా బడిలో చోటు దొరకాలి.

ఈ సత్యాన్ని తెలుగునాట అందరికంటే ముందు గుర్తించి ఆచరించిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో అధ్యాపకుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకొన్నాడు. సవర బిడ్డలకు వారి భాషలోనే వాచకాలు రచించాడు. సొంత ధనంతో బడులు నడిపాడు. ఆ వాచకాలకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ ధనంతో సవరలకు బడి పెట్టమని కోరాడని చెబుతారు. తరువాత హైదరాబాదు రాజ్యంలో, మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో 1943లో ఆదిలాబాదు మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. 2004లో రాష్ట్ర ప్రభుత్వం సవర, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా మొదలైన ఎనిమిది భాషలలో బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇంటి భాషతో మొదలుపెట్టి, క్రమంగా తెలుగులోకి బిడ్డను నడిపించడం దాని పద్ధతి.

ఇంటి భాషతో పాటు ఇంటి బ్రతుకుతెరువును కూడా బడి గమనించాలి. కరువు కాలంలో కూలికి వలసపోయే తల్లిదండ్రుల వెంట బిడ్డ కూడా వెళ్లిపోతుంది. నెలల తరువాత తిరిగి వచ్చేసరికి పాఠం ఎంతో ముందుకు సాగి ఉంటుంది. ఈ చిక్కుకు పరిష్కారం హార్స్లీ కొండకు చేరువలోనే ఉన్నది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ విద్యాసంస్థ 1980వ దశకం నుండి పరిసర గ్రామాలలో చిన్న బడులు నడుపుతున్నది. అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్లవలె అమర్చారు. ప్రతి బిడ్డా తన మెట్టు తానే ఎక్కుతుంది. కొంతకాలం రాని బిడ్డ, విడిచిన మెట్టు దగ్గరే తిరిగి మొదలుపెట్టవచ్చు. గైరుహాజరు ఓటమిగా మారదు. పిల్లలు తూకాలు, కొలతలు చేసి చూపే మేళాలకు తల్లులనూ ఆహ్వానిస్తారు. ఈ పద్ధతి తమిళనాడు మొదలైన రాష్ట్రాల బడులకు మార్గదర్శకమైంది. దూరదేశాలవారు వచ్చి చూసి నేర్చుకొన్న పద్ధతి పక్కనున్న తండాలన్నిటికీ అందవలసి ఉన్నది.

అమెరికాలోని చెరోకీ జాతి చరిత్ర కూడా ఈ సందర్భంలో స్మరణీయం. 1821లో సెక్వోయా అనే చెరోకీ మేధావి తన భాషకు లిపిని కల్పించాడు. 1828 నాటికి ఆ జాతికి సొంత వార్తాపత్రిక వెలువడింది. పదేళ్లకే వారిని స్వస్థలాల నుండి బలవంతంగా తరలించారు. దారిలో వేలమంది మరణించారు. తరువాతి కాలంలో ఆదివాసి బిడ్డల నోట సొంత భాష వినిపిస్తే వసతి పాఠశాలలు శిక్షించాయి. తరాలు గడిచేసరికి భాష వృద్ధులకే పరిమితమైంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి చెరోకీలు 2001లో ఓక్లహోమాలో పసిపిల్లలకు తమ భాషలోనే బోధించే బడి ప్రారంభించారు. ఆదివాసి విద్యార్థుల సహాయానికి 1934లో చేసిన చట్టం కింద వచ్చే నిధుల విషయంలో తల్లిదండ్రుల సంఘాలకు నిర్ణయాధికారం 1970వ దశకంలో లభించింది. పోయిన భాషను తిరిగి తెచ్చుకోవడానికి పడే శ్రమలో, ఉన్న భాషను నిలుపుకోవడానికి పట్టేది లేశమాత్రమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. ఉద్యోగాలకు తెలుగు, ఆంగ్లం కావాలి గాని తండా భాష ఎందుకు అని. తల్లిదండ్రులలో చాలామంది అభిప్రాయమూ ఇదే; అది తేలికగా తోసివేయదగినది కాదు. కాని ఇంటి భాషలో ఆలోచన పదునెక్కిన బిడ్డ ఇతర భాషలను సులభంగా అందుకొంటుంది. పునాది వేయడానికి పట్టిన కాలాన్ని ఎవరూ వృథా అనరు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించాలని రాజ్యాంగం 350–ఎ అధికరణం చెబుతున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా, సాధ్యమైనంత వరకు మాతృభాషే బోధనా మాధ్యమం కావాలన్నది.

తరగతికి ఇద్దరు ఎరుకల బిడ్డలుంటే ప్రత్యేక పుస్తకాలు ఎలా సాధ్యమని మరొక ప్రశ్న. దానికి పెద్ద వ్యయం అక్కరలేదు. ఉపాధ్యాయుడు వారి భాషలో నూరు మాటలు నేర్చుకొంటే చాలు, బిడ్డ నోరు విప్పుతుంది. వారానికి ఒకనాడు తండా అవ్వ వచ్చి కథ చెబితే అదే వాచకం. కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఎరుకల భాషకు చిన్న వాచకాన్ని సమకూర్చగలిగితే ఆ సంస్థ పేరు సార్థకమవుతుంది. పాఠశాల యాజమాన్య సంఘాలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఆ స్థానాలలో తండా తల్లి కూర్చుని, నిర్భయంగా మాట్లాడగలగాలి. ఒకప్పుడు నేరస్థ జాతుల చట్టం పేరిట ఎరుకలవంటి తెగలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కించారు. 1952లో ఆ చట్టం రద్దైనా, అధికారి గడప తొక్కడానికి జంకే స్వభావం కొన్ని కుటుంబాలలో ఇంకా మిగిలి ఉన్నది. గౌరవం లేని చోట ఏ సహాయమూ ఫలించదు.

తెలుగు సాహిత్యం గిరిజనుల పట్ల ఇంత సంకుచితంగా ప్రవర్తించలేదు. ధూర్జటి తన ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యము’లో వేటగాళ్ల పల్లెలో పుట్టిన తిన్నని బాల్యాన్ని, అతడు ఆడిన ఆటల పేర్లతో సహా ప్రీతితో వర్ణించాడు. అక్షరం ఎరుగని తిన్నడు ఆ కావ్యంలో భక్తులకు తలమానికమైనాడు. యక్షగానాలలో ఎరుకసాని సోదె చెప్పనిదే కథ ముందుకు సాగేది కాదు. కావ్యంలోకి సగౌరవంగా ప్రవేశించినవారి వారసులు తరగతి గదిలో వెనుక వరుసకే పరిమితం కావడం న్యాయం కాదు.

నేటి జూనియర్ కళాశాలలలో తండాల నుండి వచ్చిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారిలో ఒక్కొక్కరు తమ అవ్వ దగ్గర పది పొడుపుకథలు విని, ఇంటి భాషలో తెలుగు లిపితో వ్రాసిపెట్టినా, ఆ ఊరి చిన్న బడికి అది తొలి పుస్తకం అవుతుంది. తోటి విద్యార్థులు ఆ పొడుపుకథలను అడిగి, విని, విప్పడానికి ప్రయత్నిస్తే ఆ భాషకు కొత్త శ్రోతలు లభిస్తారు. మల్లమ్మ కొండ పేరును ఇన్నాళ్లు నిలిపినవి శాసనాలు కావు. చెప్పిన నోళ్లు, విన్న చెవులు. తండా బిడ్డల పలుకును నిలిపేవి కూడా అవే.