ఎర్ర టమాటా వెలిసినట్లుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. కొవిడ్ తగ్గిన రెండు వారాలకు కుడికన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి అంటున్నాడు. పైకి ఎరుపేమీ లేదు. స్టెరాయిడ్ మాత్రలు నాలుగు వేస్తే చాలంటున్నారు. వేయమంటారా?
- ఒక తల్లి, పత్తికొండ

జవాబు: సొంతంగా వేయొద్దమ్మా. చూపును మెదడుకు చేరవేసే నరం వాచినప్పుడు ఇలాగే ఉంటుంది. దీన్నే ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. వైరస్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి ఒక్కోసారి పొరబడి నరం పైపొర మీదే దాడి చేస్తుంది. 2020లో అమెరికాలో కొవిడ్ సోకిన 26 ఏళ్ల యువకుడికి రెండు కళ్లలోనూ ఈ సమస్య వచ్చింది. అయితే ఇది అరుదు.

మీ ఊళ్లో టమాటాలకు కొదవ లేదుగా! బాగా పండినదాన్ని ఒక్కో కన్ను మూసుకుని చూడమనండి. కుడికంటికి ఎరుపు వెలిసినట్లుంటే అనుమానం బలపడుతుంది. తేడా లేకపోయినా వైద్యుడికి చూపించాల్సిందే.

ఇక మాత్రల సంగతి. 457 మందిపై జరిగిన అమెరికా పరిశోధన ఫలితాలు 1992లో వెలువడ్డాయి. మామూలు మోతాదులో స్టెరాయిడ్ మాత్రలే వాడినవారిలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. రక్తనాళం ద్వారా ఎక్కువ మోతాదులో ఎక్కించినవారికి చూపు త్వరగా తేరుకుంది. పైగా కొవిడ్ తర్వాత చూపు తగ్గడానికి బ్లాక్ ఫంగస్ కూడా కారణం కావచ్చు. అదే అయితే స్టెరాయిడ్లు దాన్ని ఇంకా పెంచుతాయి.

రేపటిదాకా ఆగకుండా కర్నూలు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే ఎమ్మారై, రక్తపరీక్షలు చేయిస్తారు. నరం వాపే అయితే, చాలామందికి కొన్ని వారాల్లో చూపు మెరుగవుతుంది. ధైర్యంగా ఉండండి.